బోల్టు ఎక్కితే చాలదు
(నాన్న బండి షాకబ్జర్ల మీద ఒక భౌతికశాస్త్ర పాఠం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమన్నప్పుడు కథ రాయాలా, కవిత రాయాలా అని ఆలోచించాం. ఆ రెండూ మాకంటే బాగా రాసేవాళ్ళు మన హాస్టల్లో ఉన్నారు. మాకు చేతనైనది భౌతికశాస్త్రం. కనుక ఒక పాఠం రాస్తున్నాం. ఇది పరీక్షలో వచ్చే పాఠమే గాని, మేము దానిని నేర్చుకున్నది మాత్రం మా ఇంటి ముందు, మా నాన్న మోటారు సైకిలు దగ్గర.

ఈ వ్యాసంలో "మేము" అంటే ముగ్గురం: నాన్న, ఇంటర్ చదువుతున్న తమ్ముడు, మా ఇంట్లో డిగ్రీ దాటి ఎమ్మెస్సీ దాకా వచ్చిన మొదటి మనిషి. కలం పట్టింది ఒకరే అయినా కొలిచింది, విప్పింది, బిగించింది, తప్పు చేసింది ముగ్గురమూ కనుక "మేము" అనే రాస్తున్నాం.

మా ఊరు, మా బండి

మాది వాడరేవు. చీరాల నుండి ఆరేడు కిలోమీటర్లు వస్తే సముద్రం, ఒడ్డున మా ఊరు. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లాలో ఉండేది, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు రాగానే నాన్న పాటలో చేపలు కొంటాడు. ఐసు కొట్టి టబ్బులో వేసి, బండి వెనుక కట్టుకుని, చీరాల దాటి పర్చూరు, ఇంకొల్లు వైపు పత్తి, మిరప పండే ఊళ్ళకు తీసుకుపోయి అమ్ముతాడు. ఐసుతో కలిపి బరువు 60 కిలోల పైమాటే. అవి నల్లరేగడి నేలల మీది దారులు. వానకు మెత్తబడి, ఎండకు నెర్రెలిచ్చి, తారు వేసిన రెండేళ్ళకే అలలు తేలతాయి. రానూ పోనూ రోజుకు 60 కిలోమీటర్లు.

మా బండి పాత 100 సి.సి. బండి. కంపెనీ పేరు ఇక్కడ రాయటం లేదు. ఎందుకంటే జరిగిన దానిలో తప్పు కంపెనీది కాదు, కొలవకుండా బిగించిన మాది.

2024 ఫిబ్రవరి నాటికి వెనుక షాకబ్జర్లు రెండూ పోయాయి. ఆయిలు కారి కింది గొట్టమంతా జిడ్డు పట్టింది. గుంటలో పడితే బండి మూడు నాలుగు సార్లు ఊగి గాని నిలబడేది కాదు. నాన్నకు నడుము నొప్పి మొదలైంది. కొత్త జత కొనటానికి చేతిలో డబ్బు లేదు. పాత సామాన్ల కొట్టులో వేరే కంపెనీ బండి నుండి తీసిన జత చవకగా దొరికింది. అవి మా పాతవాటి కంటే కొంచెం పొడుగు. కన్నం కూడా పెద్దది. మా బండి బోల్టు 10 మి.మీ., వాటి కన్నం 12 మి.మీ. మధ్యలో ఉన్న సందులో రేకు ముక్క చుట్టి బిగించారు. బోల్టు ఎక్కింది, నట్టు బిగిసింది, బండి కదిలింది. మేము సంతోషించాం.

సరిగ్గా 20 రోజులు నడిచింది. మార్చి చివరి వారంలో ఒక ఉదయం, పర్చూరు దారిలో, ఆ రేకు అరిగి తెగింది. కుడివైపు షాకబ్జరు కన్నం బోల్టు మీద నుండి జారిపోయింది. వెనుక చక్రం పక్కకు లాగింది. బండి, నాన్న, టబ్బు మూడూ పంట కాలువలో పడ్డాయి. నాన్న కుడి భుజం ఎముక చిట్లింది. ఎముక కట్టుకునే లోపు ఏప్రిల్ 15 వచ్చింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. అంటే మాకు దాదాపు మూడు నెలలు రాబడి లేదు.

కట్టుతో మంచం మీద కూర్చుని నాన్న ఒక మాట అడిగాడు. "ఏరా పెద్దోడా, ఇంత చదివావు గదా. ఆ రేకు ఎందుకు తెగిందో చెప్పు." కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కోవటమే ఈ పాఠం.

షాకబ్జరు చేసే రెండు పనులు

షాకబ్జరు ఒకే వస్తువులా కనిపిస్తుంది గాని అందులో ఇద్దరు పనివాళ్ళున్నారు.

మొదటిది పైన కనిపించే స్ప్రింగు. అది బరువు మోస్తుంది. చక్రం గుంటలోంచి పైకి లేచినప్పుడు నొక్కుకుని, ఆ దెబ్బను స్థితిజ శక్తిగా తనలో దాచుకుంటుంది.

రెండవది లోపల ఉన్న ఆయిలు గొట్టం, అందులో కదిలే రాడ్డు. స్ప్రింగు దాచుకున్న శక్తిని తిరిగి ఇచ్చేస్తుంది, లేకపోతే అది స్ప్రింగే కాదు. అలా ఇచ్చినప్పుడు బండి ఎగిరిపడకుండా ఆపేది ఆయిలు. రాడ్డు చివరనున్న పిస్టనుకు సన్నని రంధ్రాలుంటాయి. ఆయిలు వాటి గుండా ఇరుకుగా పోవాలి. ద్రవానికి ఉండే ఈ అడ్డగించే గుణాన్నే మనం స్నిగ్ధత అని చదివాం. ఊపులోని శక్తి వేడిగా మారి గొట్టం గుండా గాలిలో కలిసిపోతుంది. మన పుస్తకంలో "అవరుద్ధ డోలనాలు" అని ఉన్నది ఇదే.

కనుక ఆయిలు పోయిన బండికి మిగిలేది స్ప్రింగు ఒక్కటే. అది బరువు మోస్తుంది గాని ఊపును ఆపలేదు. పరీక్ష సులభం. బండి వెనుక భాగాన్ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి పైకి వచ్చి కుదురుకుంటే ఆయిలు పనిచేస్తున్నట్లు. రెండు మూడు సార్లు ఊగితే పోయినట్లు.

రేకు ఎందుకు తెగింది?

స్ప్రింగు మీద ఉన్న బరువు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో సరళ హరాత్మక చలనం పాఠంలో ఉంది. స్ప్రింగు గట్టిదనాన్ని బరువుతో భాగించి, దాని వర్గమూలాన్ని 6.28తో భాగించాలి. మా బండి రెండు స్ప్రింగులూ కలిపి మి.మీ.కు సుమారు 27 న్యూటన్లు, అంటే మీటరుకు 27,000. వెనుక చక్రం మీద పడే బరువు 150 కిలోలు అనుకుందాం. 27,000 ÷ 150 = 180. దాని వర్గమూలం 13.4. దానిని 6.28తో భాగిస్తే 2.1. అంటే సెకనుకు రెండుసార్లు.

సెకనుకు రెండుసార్లు అంటే గంటకు 7,200 సార్లు. నాన్న రోజుకు రెండు గంటలు బండి మీద ఉంటాడు కనుక 14,400. ఇరవై రోజులకు 2,88,000. బండి ఎప్పుడూ ఊగుతూనే ఉండదు, అందులో సగమే అనుకున్నా లక్షన్నర దెబ్బలు. ఆ రేకు కన్నం చుట్టూ పూర్తిగా లేదు, చివరలు కలవకుండా సందు ఉంది. బరువంతా సన్నటి గీత మీద పడింది. లక్షన్నర సార్లు సుత్తితో కొడితే ఏ రేకు నిలుస్తుంది?

ఇంకొక సంగతి. తారు రోడ్డు మీద అలలు 4 మీటర్లకు ఒకటి ఉన్నాయనుకోండి. సెకనుకు రెండు అలలు దాటాలంటే సెకనుకు 8 మీటర్లు, అంటే గంటకు దాదాపు 29 కిలోమీటర్ల వేగం. సరిగ్గా ఆ వేగంలో రోడ్డు కొట్టే తాళమూ, బండి ఊగే తాళమూ ఒకటవుతాయి. దానిని అనునాదం అంటారు. ఆయిలు లేని షాకబ్జరుతో ఆ వేగంలో పోతే ప్రతి అల ఊపును ఇంకా పెంచుతుంది. "నెమ్మదిగా పోయినా బాగుంటుంది, జోరుగా పోయినా బాగుంటుంది, మధ్యలోనే ఎగరేస్తుంది" అని నాన్న ఎప్పటి నుండో అనేవాడు. ఆ మాటకు అర్థం మాకు అప్పుడు తెలిసింది.

వేరే కంపెనీ షాకబ్జరు కొనే ముందు చూడవలసిన నాలుగు కొలతలు

మన దేశంలో చాలా బండ్ల కంపెనీలు షాకబ్జర్లను తామే చేసుకోవు. 1961 నుండి ఉన్న గాబ్రియెల్ ఇండియా, ముంజాల్ షోవా, ఎండ్యూరెన్స్ వంటి సంస్థలు చేసి ఇస్తాయి. అందుకని ఒకే తయారీదారు పేరు రెండు కంపెనీల బండ్ల మీద కనిపించవచ్చు. "పేరు ఒకటే గదా, పట్టేస్తుంది" అని కొట్టువాళ్ళు అంటారు. పేరు ఒకటైనా, ఏ బండికి కావలసిన పొడవు, స్ప్రింగు ఆ బండికి వేరుగా ఉంటాయి. కాబట్టి పేరును నమ్మకుండా కొలవాలి.

1. పొడవు. పై కన్నం మధ్య నుండి కింది కన్నం మధ్య వరకు. కన్నం మధ్యను కంటితో గుర్తించటం కష్టం. దానికి ఒక ఉపాయం ఉంది. రెండు కన్నాల లోపలి అంచుల మధ్య దూరం కొలవండి, బయటి అంచుల మధ్య దూరం కొలవండి, రెండూ కూడి సగం చేయండి. కన్నాలు చిన్నా పెద్దా అయినా ఈ లెక్క సరిగానే వస్తుంది.

మా అసలు షాకబ్జర్లు 320 మి.మీ., మేము వేసినవి 335. పదిహేను మి.మీ. ఏమంత అనుకుంటాం. బండి తోక సుమారు అంత లేస్తుంది. మా బండి రెండు చక్రాల మధ్య దూరం 1,230 మి.మీ. 15ను 1,230తో భాగిస్తే 0.012. అంటే బండి మొత్తం ముందుకు అంత వంగింది. హెడ్‌లైటు వెలుగు మీటరుకు 1.2 సెం.మీ. చొప్పున కిందికి దిగింది. 30 మీటర్ల దూరంలో 36 సెం.మీ. కిందికి! చీకట్లో బయలుదేరే మనిషికి దారి దగ్గరలోనే ఆగిపోయింది. "లైటు మందగించింది" అని నాన్న బల్బు మార్చాడు. తప్పు బల్బుది కాదు.

తోక లేస్తే ముందు ఫోర్కు నిటారవుతుంది, హ్యాండిలు తేలికై చిన్న కదలికకే తిరుగుతుంది. సెంటర్ స్టాండు వేసినా వెనుక చక్రం నేలను వదలదు. సైడు స్టాండు మీద బండి మరీ వాలుతుంది, బరువుతో ఉంటే పడిపోతుంది. చైను బిగువు మారుతుంది. పొట్టి షాకబ్జరు వేస్తే దీనికి తిరగేసిన కష్టాలు: టైరు మడ్‌గార్డుకు తగులుతుంది, సైడు స్టాండు మీద బండి నిటారుగా నిలిచి అవతలి వైపుకు పడే ప్రమాదం ఉంటుంది. 3 మి.మీ. కంటే తేడా ఉంటే తీసుకోకూడదని మా ఇంటి హద్దు పెట్టుకున్నాం.

2. కన్నం, వెడల్పు. బోల్టు మందం, కన్నం లోపలి కొలత, బుష్ వెడల్పు మూడూ చూడాలి. కొన్నింటికి కింద కన్నం కాక చీలిన కొమ్ములు ఉంటాయి. అది కన్నం ఉండవలసిన బండికి కుదరదు. కన్నం కొంచెం పెద్దదైతే రేకు చుట్టవద్దు. లేతు మిషను మీద ఉక్కు గొట్టం తిప్పించాలి. అది చుట్టూ సందు లేకుండా, కన్నం పొడవునా పూర్తిగా ఉండాలి. కన్నం చిన్నదైతే దానిని బెజ్జం వేసి పెద్దది చేయవద్దు, బోల్టును అరగదీయవద్దు. ఆ జతను వదిలేయండి.

3. రాడ్డు నడక. రాడ్డు పూర్తిగా లోపలికి పోయేంత దూరం. పొడవు ఒకటే అయినా నడక ఎక్కువున్న షాకబ్జరు చక్రాన్ని మరీ పైకి రానిస్తుంది. అప్పుడు బరువుతో గుంటలో పడితే టైరు మడ్‌గార్డును కొడుతుంది.

4. స్ప్రింగు గట్టిదనం. దీనికి ప్రత్యేకంగా ఒక భాగం కావాలి.

తూకం లేకుండా స్ప్రింగును పోల్చటం

రాబర్ట్ హుక్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1676లో తాను కనిపెట్టిన సూత్రాన్ని ఎవరూ కాజేయకుండా అక్షరాలు తారుమారు చేసి అచ్చు వేయించాడు. 1678లో దాని అర్థం విప్పి చెప్పాడు. స్ప్రింగు ఎంత సాగితే లేదా ఎంత నొక్కుకుంటే బలం దానికి తగినట్లు పెరుగుతుంది. హుక్ సూత్రం అని మనం ఇంటర్ మొదటి సంవత్సరంలో బట్టీ పట్టింది అదే. ఒక మి.మీ. నొక్కటానికి ఎన్ని న్యూటన్లు కావాలో అదే దాని గట్టిదనం.

చుట్ట స్ప్రింగు గట్టిదనం నాలుగింటి మీద ఆధారపడుతుంది: ఉక్కు దృఢతా గుణకం, తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య. దృఢతా గుణకాన్ని తీగ మందం నాలుగో ఘాతంతో గుణించి, చుట్టు వెడల్పు మూడో ఘాతం, చుట్ల సంఖ్య, 8 ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. రెండు స్ప్రింగులూ ఉక్కువే కనుక పోల్చేటప్పుడు ఉక్కు గుణకం కొట్టివేయబడుతుంది. మిగిలేవి మనం కొలవగలిగినవే. చుట్టు వెడల్పు అంటే బయటి వెడల్పు నుండి తీగ మందం తీసివేస్తే వచ్చేది. చుట్లలో చివర ఆనుకుని ఉన్నవాటిని లెక్కించకూడదు.

మా పాత స్ప్రింగు: తీగ 7 మి.మీ., చుట్టు వెడల్పు 50 మి.మీ., పనిచేసే చుట్లు 14.
తరువాత చూసిన వేరే కంపెనీ స్ప్రింగు: తీగ 7.5 మి.మీ., వెడల్పు 50 మి.మీ., చుట్లు 15.

7.5ను 7తో భాగించి నాలుగో ఘాతం చేస్తే 1.32. చుట్లు పెరిగినందుకు 14 ÷ 15తో గుణిస్తే 1.23. అంటే రెండవది పాతదాని కంటే 23 శాతం గట్టిది. అర మి.మీ. తీగలో ఇంత తేడా! ఎప్పుడూ వెనుక బరువు మోసే మా బండికి ఇది మంచిదే. ఒంటరిగా కాలేజీకి పోయే బండికైతే ప్రతి గుంటా నడుముకు తగిలేది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నాలుగో ఘాతం ఉన్నచోట కొలతలోని తప్పు కూడా నాలుగు రెట్లవుతుంది. మామూలు స్కేలుతో 7 మి.మీ. తీగను అర మి.మీ. తప్పు కొలిస్తే అది 7 శాతం తప్పు, గట్టిదనంలో దాదాపు 30 శాతం తప్పు. అందుకే వెర్నియర్ కాలిపర్స్ కావాలి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో గుండు వ్యాసం, స్థూపం వ్యాసం కొలిచి రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం గదా. "ఈ గుండు వ్యాసం ఎవడికి కావాలి" అని మా తమ్ముడు రికార్డును మిత్రుడి దగ్గర చూసి రాశాడు. నాన్న బండి స్ప్రింగు దగ్గర వాడే మొదట వెర్నియర్ అడిగి తెచ్చాడు.

ఇంకొకటి. స్ప్రింగు ముసలిదైతే గట్టిదనం పెద్దగా తగ్గదు. స్థితిస్థాపక అవధి దాటి పదే పదే నొక్కటం వల్ల పొడవు తగ్గి కుంగుతుంది. కనుక పాత జతలో రెండు స్ప్రింగులనూ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు సమానంగా ఉందో లేదో చూడాలి. చుట్లు ఒక చివర దగ్గరగా, ఇంకొక చివర ఎడంగా ఉన్న స్ప్రింగుకు పై లెక్క మొదటి భాగానికే సరిపోతుంది. నొక్కేకొద్దీ అది ఇంకా గట్టిపడుతుంది.

కొట్టు దగ్గర

గుంటూరులోనో, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, మీ ఊరి దగ్గర పాత సామాన్ల కొట్టులోనో కొనేటప్పుడు ఇవి చూడండి.

రాడ్డు మీద తడి జిడ్డు, తుప్పు, గుంటలు ఉండకూడదు. తుప్పు గుంట ఒక్కటి ఉన్నా ఆయిల్ సీలును రంపంలా కోస్తుంది. షాకబ్జరును నిటారుగా నేల మీద నిలబెట్టి ఒంటి బరువుతో అయిదారు సార్లు నొక్కండి. మొదటి రెండు నొక్కులు లోపలి గాలిని వదిలించటానికి. తరువాత అది సాఫీగా దిగి, దిగినదాని కంటే నెమ్మదిగా పైకి రావాలి. వదలగానే టప్పున లేస్తే ఆయిలు లేనట్లే. రెండూ ఒకే తీరుగా రావాలి. వేరువేరు బండ్ల నుండి తీసిన ఒక్కొక్కదాన్ని జత చేసి ఇస్తే తీసుకోవద్దు. ఒకటి మెత్తన, ఒకటి గట్టి అయితే వెనుక చక్రం పట్టే స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది. కన్నాల దగ్గర వెల్డింగు చేసిన గుర్తులుంటే ఆ జతను ముట్టుకోవద్దు.

బిల్లు అడగండి. కొట్టువాడు నవ్వినా అడగండి. దొంగ బండి నుండి తీసిన సామాను అని తెలిసి కొంటే అది నేరం.

గ్యాసు డబ్బా ఉన్న షాకబ్జర్లలో నైట్రోజన్ ఒత్తిడితో నిండి ఉంటుంది. వాటిని కోయటం, బెజ్జం వేయటం, వేడి చేయటం ప్రాణం మీదికి తెస్తుంది. మామూలు షాకబ్జరు స్ప్రింగును కూడా ఇంట్లో ఊడదీయవద్దు. మా లెక్కలో అది ముందే 30 మి.మీ. నొక్కి బిగించి ఉంది. 13.5ను 30తో గుణిస్తే 405 న్యూటన్లు, అంటే 41 కిలోల బరువుతో తోసినంత. ఆ మూత ఊడితే ముఖం మీదికే వస్తుంది. పై కొలతలన్నీ ఊడదీయకుండానే తీయవచ్చు.

బిగించే పద్ధతి

గట్టి నేల మీద సెంటర్ స్టాండు వేసి, ఫ్రేము కింద చెక్క మొద్దు ఆనించాలి. రెండూ ఒకేసారి విప్పవద్దు. ఒక వైపు విప్పి, బిగించి, రెండవ వైపుకు పోవాలి. అలా చేస్తే చక్రం తన చోటనే ఉంటుంది. పాత వాషర్లు ఏ వరుసలో వచ్చాయో ఆ వరుసలోనే పేర్చాలి. నట్లను ముందు చేత్తో పట్టించి, బండిని నేల మీదికి దించి, ఒక మనిషి కూర్చున్నాక పూర్తిగా బిగించాలి. అప్పుడే బుష్‌లోని రబ్బరు పనిచేసే స్థితిలో బిగుస్తుంది, తరువాత మెలిపడి చిరగదు.

స్ప్రింగు చైను కవరుకు గాని సైలెన్సరుకు గాని తగులుతున్నదేమో చక్రం తిప్పి చూడాలి. మనిషి కూర్చున్నాక చైను బిగువు మళ్ళీ సరిచేయాలి. రాత్రి గోడ ముందు నిలబెట్టి హెడ్‌లైటు సరిచూడాలి. బరువు లేకుండా నెమ్మదిగా కొంత దూరం నడిపి, 50 కిలోమీటర్ల తరువాత నట్లు మళ్ళీ బిగించాలి.

అసలు ఎందుకు పాడయ్యాయి?

మేము చాలా ఆలస్యంగా అడిగిన ప్రశ్న ఇది. బండిని ఒక ఉదయం వెనుక నుండి గమనిస్తే తెలిసింది. టబ్బులోని ఐసు కరిగి, చేపల ఉప్పునీరు అంచు మీదుగా కారి, నేరుగా కుడి షాకబ్జరు రాడ్డు మీద పడుతున్నది. సముద్రపు గాలిలో ఉప్పు ఉండనే ఉంది. ఉప్పునీరు రాడ్డు మీది మెరుపు పూతను దాటి ఇనుమును తింటుంది. ఆ గుంటలు సీలును కోస్తాయి, ఆయిలు కారుతుంది. రెండు షాకబ్జర్లలో కుడివైపుది ముందు పోవటానికి కారణం అదే. పాత రబ్బరు ట్యూబు ముక్కను తొడుగులా కట్టి, టబ్బు నీటిని సన్నటి గొట్టంతో వెనుకకు మళ్ళించి, రోజూ ఇంటికి రాగానే రెండు చెంబుల మంచినీళ్ళు పోస్తున్నాం. దీనికి దాదాపు ఖర్చు లేదు. ఇది మొదటే చేసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

చట్టం మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు విరుద్ధమయ్యేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే బండి మౌలిక లక్షణం మారేలా దాని నిర్మాణాన్ని మార్చటం అని అక్కడే వివరణ ఉంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను, నిబంధనలు ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. అరిగిన భాగం స్థానంలో అదే కొలతల భాగం వేయటం వేరు, ఫ్రేమును కోసి, కొత్త కొమ్ము వెల్డింగు చేసి, తోక లేపటం వేరు. రెండవది చేయవద్దు.

చివరికి మేము చేసింది

జూన్ మొదటి వారంలో, పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగకముందే, రెండవ జత తెచ్చాం. అదీ వేరే కంపెనీదే, అదీ పాతదే. పొడవు 322 మి.మీ. కన్నం మళ్ళీ 12 మి.మీ. ఈసారి లేతు మీద ఉక్కు గొట్టాలు తిప్పించాం. స్ప్రింగు 23 శాతం గట్టిది. పై జాబితాలో ప్రతి ఒక్కటీ తమ్ముడు నోటు పుస్తకంలో రాసి, సరిపోయినదానికి టిక్కు పెట్టాడు. జూన్ 15 తరువాత నాన్న మళ్ళీ పర్చూరు దారి పట్టాడు. బరువుతో పోయేటప్పుడు బాగుందనీ, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు కొంచెం గట్టిగా ఉందనీ అన్నాడు. లెక్క కూడా అదే చెప్పింది. నెలకు ఒకసారి గొట్టం అరిగిందేమో విప్పి చూస్తున్నాం.

అయితే ఒక నిజం దాచకూడదు. రెండవ జత కొత్త జత ధరలో మూడో వంతుకే వచ్చింది. కాని నాన్న వేళ్ళ మీద ఇంకొక లెక్క వేశాడు. మొదటి జత, రేకు పని, కాలువలో పోయిన చేపలు, ఆసుపత్రి, కట్టు, పని పోయిన రోజులు, అప్పుకు వడ్డీ. అన్నీ కలిపితే అయిదు కొత్త జతలు వచ్చేవి. చేతిలో డబ్బుంటే కొత్త జతే వేయండి. లేకపోతే కొలిచి వేయండి. కొలవకుండా మాత్రం వేయవద్దు.

మన హాస్టల్లో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి బండి ఒకటి ఉంటుంది. దాని మీద పాలో, కూరగాయలో, మిరప బస్తాలో, మనుషులో వెళుతుంటారు. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక్కసారి ఆ బండి వెనుక భాగాన్ని నొక్కి వదిలి చూడండి. ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి.

అభ్యాసం

1. లోపలి అంచుల మధ్య దూరం 309 మి.మీ., బయటి అంచుల మధ్య దూరం 331 మి.మీ. అయితే షాకబ్జరు పొడవెంత?
2. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య ఒకటే ఉండి తీగ 7 మి.మీ.కు బదులు 8 మి.మీ. ఉంటే స్ప్రింగు ఎన్ని రెట్లు గట్టిది?
3. బండి సెకనుకు 2 సార్లు ఊగుతుంది. అలలు 5 మీటర్లకు ఒకటి ఉన్న రోడ్డు మీద ఏ వేగంలో పోకూడదు?

జవాబులు: 1) 320 మి.మీ. 2) సుమారు 1.7 రెట్లు. 3) గంటకు 36 కిలోమీటర్లు.

మూడవ లెక్క జవాబు నాన్నకు చెబితే, "ఆ సంగతి నా నడుముకు ఎప్పుడో తెలుసు" అన్నాడు.